బొమ్మల కొలువులో పుర్రె మొహం: హీ-మ్యాన్ ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

పటమట_పిల్ల:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి కొలువు పెడదామని అటక మీదున్న రేకు పెట్టె దించితే, కొండపల్లి అంబారీ ఏనుగుకీ దశావతారాలకీ మధ్యలో పాత చీర ముక్కలో చుట్టిన ప్లాస్టిక్ బొమ్మ ఒకటి దొరికింది. నీలం ఒళ్లు, పసుపు పచ్చ పుర్రె మొహం, నెత్తిన ఊదా రంగు ముసుగు, కండలు చూస్తే జిమ్‌లోనే పుట్టినట్టున్నాడు. చేతిలో అదే ఊదా రంగు కత్తి, ఒక పక్క బల్లపరుపుగా ఉంది, నిలువునా కోసేసినట్టు. ఒక కాలు వేలాడుతోంది. మా నాయనమ్మ "పండగపూట పుర్రె ఏంటే, అవతల పారెయ్" అంటుంటే, ఇంట్లో ఎవరితోనూ నాలుగు మాటలకి మించి మాట్లాడని మా బాబాయ్ గబగబా వచ్చి దాన్ని తీసుకుని రెండో మెట్టు మీద వామనుడి పక్కన పెట్టేశాడు. "హీ-మ్యాన్‌లోది, మీకేం తెలుసు" అన్నాడు. అంతే, మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు.

నాకు నిజంగానే ఏమీ తెలీదు. నెట్‌లో వెతికితే 1983 కార్టూన్ అంటారు, షీ-రా అంటారు, 2002 అంటారు, నెట్‌ఫ్లిక్స్‌వే మూడు నాలుగున్నాయి, మధ్యలో మనుషులతో తీసిన సినిమా ఒకటుంది. ఏది ముందు, ఏది తర్వాత? ఈ పుర్రె మొహమేనా హీరో? బాబాయ్‌తో కలిసి కూర్చుని చూద్దామని ఉంది, కానీ ఏం పెట్టాలో తెలీక టెన్షన్. ఆ కాలు బాగవుతుందా అనేది కూడా చెప్పండి.

బ్రాడీపేట_బుల్లోడు:
ముందు ఆ వామనుడికి సారీ చెప్పమ్మా, పక్కన పెట్టింది విలన్‌ని. వాడి పేరు స్కెలిటార్. హీ-మ్యాన్ అంటే బంగారు రంగు జుట్టు, ఛాతీ మీద పట్టీలు, బొచ్చు లంగోటీతో ఉంటాడే, వాడు. మీ బాబాయ్ "హీ-మ్యాన్‌లోది" అన్నాడే గానీ "హీ-మ్యాన్" అనలేదు చూడు, తెలిసినాయన.

కథ మన జానపద సినిమా కథే, కాకపోతే గుర్రం బదులు ఆకుపచ్చ పులి ఉంటుంది. ఎటర్నియా అనే లోకం, రాండార్ రాజు, ఆయన కొడుకు ఆడమ్. బయటికి పనికిమాలిన రాకుమారుడు, కానీ కత్తి పైకెత్తి గ్రేస్కల్ అనే కోట పేరు చెప్పి మంత్రం చదివితే హీ-మ్యాన్ అయిపోతాడు, భయపడి మంచం కింద దూరే క్రింజర్ అనే పులి కాస్తా బ్యాటిల్ క్యాట్ అయిపోతుంది. ఈ రహస్యం తెలిసింది ముఖ్యంగా ముగ్గురికే: కోటని కాపాడే సోర్సరెస్, ఆయుధాలు చేసే మ్యాన్-ఎట్-ఆర్మ్స్, గాల్లో తేలుతూ తిక్క మంత్రాలు వేసే ఓర్కో. స్కెలిటార్‌కి కావలసింది గ్రేస్కల్ కోటలో ఉన్న శక్తి. వాడుండేది స్నేక్ మౌంటెన్‌లో, చుట్టూ ఉన్నవాళ్లంతా చవటలు, రోజూ వాళ్లని తిట్టడమే వాడి పని. నిజం చెప్పాలంటే ఆ తిట్ల కోసమే ఇప్పటికీ చూస్తాను. అలన్ ఓపెన్‌హైమర్ అనే ఆయన గొంతు అది, ఒకసారి వింటే మర్చిపోలేవు.

మేం దూరదర్శన్‌లో చూశాం. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, స్కేలు పైకెత్తి గొంతు చించుకుని ఏదో అరిచేవాళ్లం, వీధిలో పిల్లలందరిదీ తలా ఒక మంత్రం.

ఎక్కడ మొదలంటే, ఫిల్మేషన్ అనే కార్టూన్ కంపెనీ వాళ్లు తీసిన 1983 కార్టూన్. 130 ఎపిసోడ్లు. భయపడకు, వరసగా చూసేవి కావు, దేనికదే కథ. ఎపిసోడ్ చివర ఎవరో ఒకరు వచ్చి నీతి చెప్తారు, అక్కడ బాబాయ్‌కి కాఫీ పెట్టుకురా. నాలుగే నాలుగు చూడు: డైమండ్ రే ఆఫ్ డిసప్పియరెన్స్ (పాత్రలన్నీ ఒక్కసారే తెలిసిపోతాయి), టీలాస్ క్వెస్ట్ (తల్లిని వెతుక్కునే కూతురి కథ, అంతకంటే చెప్పను), ద రెయిన్‌బో వారియర్, ద ప్రాబ్లమ్ విత్ పవర్. మూడోది రాణి మార్లీనా కథ, ఆవిడ నిజానికి మన భూమి నుంచి వెళ్లి అక్కడ కూలిపోయిన వ్యోమగామి. కొడుకు గుట్టు ఆవిడకి తెలుసో తెలీదో మీరే చూసి తేల్చుకోండి, నా మటుకు నాకు తెలుసనే అనిపిస్తుంది, అమ్మలకి తెలీకుండా ఏముంటుంది.

బొమ్మ కదలిక మాత్రం చవకగా ఉంటుంది, ముందే చెప్తున్నా. అదే పరుగు, అదే గుద్దు, అదే నవ్వు ప్రతి ఎపిసోడ్‌లోనూ మళ్లీ వాడేస్తారు. ఓర్కో ఛాతీ మీద ఇంగ్లీషు 'O' అక్షరం ఎందుకుందో తెలుసా? బొమ్మని అటు ఇటు తిప్పేసి వాడుకున్నా అక్షరం తిరగబడదు కాబట్టి. ముందు వాడికి గోర్పో అని పేరు పెట్టుకున్నారు, అయితే 'G' అక్షరం తిప్పితే దొరికిపోతారు. పిసినారితనంలో కూడా ఒక కళ ఉంటుంది.

పాతసామాను:
పైన చెప్పినదంతా కరెక్టే, కానీ ఒకటి వదిలేశారు. కార్టూన్ తర్వాత బొమ్మలు రాలేదు, బొమ్మల తర్వాత కార్టూన్ వచ్చింది. ఇది తెలీకపోతే "అసలు కథ ఏది" అని వెతుక్కుంటూ తల బద్దలు కొట్టుకుంటారు.

మాటెల్ అనే బొమ్మల కంపెనీ వాళ్లు వీటిని షాపుల్లోకి తెచ్చింది 1982లో. అప్పటికి రాకుమారుడూ లేడు గీకుమారుడూ లేడు, బొమ్మతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలో హీ-మ్యాన్ అడవి మనిషి, తన తెగని వదిలి బయల్దేరిన వీరుడు. ఆ పుస్తకాల్లోనే కత్తి రెండు ముక్కలు. రెండూ కలిస్తేనే గ్రేస్కల్ కోట తలుపు తెరుచుకుంటుంది. అందుకే హీ-మ్యాన్‌కి బూడిద రంగు సగం, స్కెలిటార్‌కి ఊదా సగం ఇచ్చారు, బల్లపరుపు వైపులు ఆనిస్తే ఒకటే కత్తి అవుతుంది. అమ్మాయ్, మీ ఇంట్లో ఉన్నది విరిగింది కాదు, సగం. కార్టూన్ వాళ్లు ఈ సంగతి పక్కన పెట్టేసి ఒకే కత్తితో సరిపెట్టారు. నాకు ఇప్పటికీ కోపమే, మొత్తం వ్యవహారంలో మంచి ఊహ అదొక్కటీ.

బొమ్మ పొడవు 5.5 అంగుళాలు ఉంటుంది, నడుము పట్టుకుని ఒక పక్కకి తిప్పి వదిలితే లోపలి స్ప్రింగు వల్ల గిర్రున తిరిగొచ్చి గుద్దుతుంది. పనిచేస్తోందేమో చూడండి, మెల్లిగా. దాదాపు అన్ని బొమ్మలకీ అవే అచ్చులు, తల మార్చి రంగు మార్చి కొత్త పేరు పెట్టేవాళ్లు. బ్యాటిల్ క్యాట్ అయితే మాటెల్ వాళ్లదే బిగ్ జిమ్ అనే పాత సెట్‌లోని పులి, దానికి ఆకుపచ్చ రంగు వేసి జీను కట్టారు. స్టింకార్ అని కంపు కొట్టే బొమ్మ ఒకటి, ప్లాస్టిక్‌లోనే వాసన కలిపి చేశారు, నలభై ఏళ్లయినా పోలేదని సేకరించేవాళ్లు ముక్కు మూసుకుని చెప్తారు.

మన దేశంలో కూడా లియో పేరుతో ఈ బొమ్మలు తయారయ్యాయి. రంగుల్లో తేడా ఉండటం వల్ల వాటికోసం బయటి దేశాలవాళ్లు వెతుక్కుంటూ ఉంటారు. మీది ఏదో తెలియాలంటే వీపు మీద చిన్న అక్షరాలు చూడండి. 1981 అని ఉంటే ఆ ఏడాది తయారైందని ఎగిరి గంతెయ్యకండి, అది హక్కుల (కాపీరైట్) సంవత్సరం.

కాలు సంగతి. రెండు కాళ్లనీ లోపల రబ్బరు పట్టి ఉంచుతుంది, అది ఇన్నేళ్లకి సాగిపోతుంది. ఒళ్లు రెండు ముక్కలు అతికించి చేసింది కాబట్టి విప్పాలంటే అతుకు తియ్యాలి. స్క్రూడ్రైవర్ పెట్టి తెరిచే పని అస్సలు చెయ్యొద్దు. నేను బీసెంట్ రోడ్‌లో ఒకచోట, పేరెందుకు, రిపేరుకిస్తే ఫెవిక్విక్ పోసి కాలు కదలకుండా చేసి ఇచ్చారు, మళ్లీ యాభై రూపాయలు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సోపు వేసి మెత్తటి బ్రష్‌తో తుడిచి, తడి పూర్తిగా ఆరాక నీడలో పెట్టండి. నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వకండి, రంగు ఊడొస్తుంది. మళ్లీ అటక ఎక్కించొద్దు, మన విజయవాడ మే నెల ఎండకి అటక మీద మనుషులే కరిగిపోతారు.

లబ్బీపేట_రాణి:
ఇద్దరూ మగవాళ్ల బొమ్మల గురించే చెప్పారు. షీ-రా సంగతి? ఆడమ్‌కి కవల చెల్లెలు అడోరా ఉంటుంది, ఆమే షీ-రా, పసిపిల్లగా ఉన్నప్పుడు హోర్డాక్ అనే విలన్ ఎత్తుకుపోతాడు, ఎథీరియా అనే ఇంకో లోకంలో శత్రువు పక్షానే పెరిగి పెద్దదవుతుంది. ఆ కార్టూన్ 1985లో వచ్చింది, 93 ఎపిసోడ్లు. నువ్వు మాత్రం 2018 నాటి కొత్త షీ-రాతో మొదలుపెట్టు, పాతది ఏమీ తెలీకపోయినా అర్థమవుతుంది, కథ మొదటినుంచి చివరిదాకా ఒక దారిలో నడుస్తుంది, అడోరాకీ ఆమె చిన్ననాటి స్నేహితురాలు కాట్రాకీ మధ్య నడిచేది పెద్దవాళ్లకి కూడా గట్టిగా తగులుతుంది. 52 ఎపిసోడ్లు, పరీక్షలు లేనప్పుడు పెట్టుకో.

బ్రాడీపేట_బుల్లోడు:
రాణి గారూ, కొత్త షీ-రా బాగుంటుంది, కాదనను, కానీ ఆ పిల్ల చూసేది బాబాయ్‌తో. అందులో హీ-మ్యానూ ఉండడు, స్కెలిటారూ ఉండడు. ఆయన పది నిమిషాల్లో లేచి మొక్కలకి నీళ్లు పొయ్యడానికి వెళ్లిపోతాడు.

2021లో వచ్చిన రెవలేషన్ అనే సిరీస్ కూడా మొదట పెట్టొద్దు. పాత కార్టూన్‌కి కొనసాగింపులా తీశారు, మొదటి ఎపిసోడ్‌లోనే పెద్ద దెబ్బ కొడతారు, దానిమీద ఫ్యాన్స్ చేసిన రభస ఇంతా అంతా కాదు. పాతది తెలిసినవాళ్లకే ఆ దెబ్బ తగులుతుంది. దాని తర్వాత 2024లో రెవల్యూషన్ అని 5 ఎపిసోడ్లు, అందులో స్కెలిటార్ అసలు ఎవరో తేలుస్తారు: కెల్డార్ అని, రాజుగారి సవతి సోదరుడు. అంటే ఇంతా చేసి ఇంటిగొడవే.

1987 సినిమా వానాకాలం ఆదివారానికి. డాల్ఫ్ లండ్‌గ్రెన్ హీ-మ్యాన్, ఎటర్నియాలో మొదలై కథ ఎక్కువ భాగం అమెరికాలో ఒక చిన్న ఊళ్లో తిరుగుతుంది. ఓర్కో లేడు, బ్యాటిల్ క్యాట్ లేడు. స్కెలిటార్‌గా ఫ్రాంక్ లాంగెల్లా మాత్రం ప్రాణం పెట్టి చేశాడు.

పాతసామాను:
2002 కార్టూన్‌ని ఎవరూ తలవరేంటి. 39 ఎపిసోడ్లే, పోరాటాలు బాగుంటాయి, స్కెలిటార్ మొహం అలా ఎందుకయిందో మొదట్లోనే చూపిస్తారు. పాతదాని నెమ్మది తట్టుకోలేకపోతే అటు వెళ్లండి.

పటమట_పిల్ల:
అందరికీ థ్యాంక్స్. రాత్రి చూశాం, ఏం జరిగిందో చెప్తా. డైమండ్ రే పెట్టగానే బాబాయ్ పేపర్ మడిచాడు. మేం చెప్పకుండానే కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. స్కెలిటార్ తిట్లకి నాయనమ్మ కూడా నవ్వింది, "వీడి నోరు మీ తాతయ్య నోరే" అంది. వీపు మీద 1981 అనే ఉంది, నడుము ఇంకా తిరుగుతోంది.

తర్వాత ప్రాబ్లమ్ విత్ పవర్ పెట్టాం. తన వల్ల ఒక మనిషి చనిపోయాడనుకుని హీ-మ్యాన్ కత్తి విసిరేస్తాడు కదా, అక్కడ బాబాయ్ రిమోట్ తీసుకుని ఆపేశాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తాతయ్య మద్రాసు నుంచి రెండు బొమ్మలు తెచ్చారంట, పెద్దోడని హీ-మ్యాన్‌ని మా పెదనాన్నకిచ్చి, స్కెలిటార్‌ని ఈయనకిచ్చారంట. పెదనాన్న కత్తి బందరు కాలువలో పడిపోయిందని ఇంట్లో అందరం వినేవాళ్లం, ఆయన అజాగ్రత్తకి ఉదాహరణగా ఇప్పటికీ చెప్తారు. "పడలేదే, నేనే విసిరా" అన్నాడు బాబాయ్.

పెదనాన్న అరండల్‌పేటలో ఉంటారు. ఈ ఆదివారం వస్తున్నారు, హీ-మ్యాన్‌ని పట్టుకొస్తానన్నారు. బాబాయ్ ఇంతవరకూ ఆయనకి చెప్పలేదు. గుంటూరులో గానీ ఇక్కడ గానీ ఎవరి దగ్గరైనా బూడిద రంగు సగం కత్తి విడిగా ఉంటే శనివారం లోపు మెసేజ్ పెట్టండి ప్లీజ్, పాతదైనా గీతలు పడ్డా పర్లేదు, నేనే వచ్చి తీసుకుంటా.