కథలు రాస్తూ వీడియో గేములు ఆడేవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

తునికాకు:
నా నవలిక మూడో భాగం ఎట్టకేలకు పూర్తయింది. ఆ సంతోషంతోనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నిజామాబాద్ వైపు పల్లెలో బీడీలు చుట్టే ఒక తల్లి కథ ఇది. ఆమె చేతులు ఆగవు, మనసేమో దుబాయ్‌లో ఉన్న కొడుకు చుట్టూ తిరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే పేరాలో నడపడం ఎలాగో చాలాకాలం తోచలేదు.

'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్' (2017) ఆడాక దారి దొరికింది. అందులో లూయిస్ అనే కుర్రవాడు చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మనం ఒక చేత్తో చేపను కత్తి కిందకు జరిపి, తల తెగాక పక్కకు వేస్తూ ఉండాలి. రెండో చేత్తో అతని ఊహాలోకంలో నడవాలి. ఊహ పెరిగి పెరిగి తెరనంతా కమ్మేస్తుంది, అయినా చేపలు తెగుతూనే ఉంటాయి. ఆ కాసేపట్లో అతని ఒంటరితనం మన వేళ్లకే తెలిసిపోతుంది.

వెంటనే నా ప్రతి తెరిచి 'ఆమెకు కొడుకు గుర్తొచ్చాడు' లాంటి వాక్యాలన్నీ కొట్టేశాను. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, వీటి నడుమే కొడుకు మాటలు వచ్చి పడుతున్నాయి. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

నేరపరిశోధన:
తునికాకు గారూ, అభినందనలు! నాకు ఆ మేలు చేసింది 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్'. లూకాస్ పోప్ 2018లో విడుదల చేశాడు. 1807లో ఒక ఓడ మనుషులు లేకుండా తిరిగొస్తుంది. అందులోని 60 మంది ఎవరెవరు, ఎవరికి ఏమైందో బీమా తనిఖీదారుగా మనం తేల్చాలి. శవం దగ్గర జేబు గడియారం తెరిస్తే అతను చనిపోయిన క్షణం కళ్లముందు నిలుస్తుంది, అంతే. ఆ మనిషి ఎవరో ఎవరూ చెప్పరు. మాట యాస, ఊయల పడక మీద అంకె, కాళ్లకున్న బూట్లు చూసి పోల్చుకోవాలి. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తేగానీ ఆట ఖాయం చేయదు.

పాఠకుడి తెలివిని ఇంతగా నమ్మవచ్చని ఈ ఆటే నాకు చూపింది. ఇప్పుడు నా సీరియల్‌లో ఇన్‌స్పెక్టర్ ప్రతి ఆధారాన్నీ పైకి చదివి వినిపించడం లేదు.

వేకువపేజీ:
ఒక్క మాట. అన్ని ఆటలూ రచనకు ఒకేలా కలిసిరావు. 'స్టార్‌డ్యూ వ్యాలీ' నాకు ప్రాణం. బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే సమకూర్చి 2016లో తెచ్చాడు. కానీ పాత్ర నిద్రపోయాకే రోజు ముగుస్తుంది, మర్నాడు ఏ పంట చేతికొస్తుందో చూడాలనిపిస్తుంది, ఇక లేవబుద్ధి కాదు. అందుకే దాన్ని రెండు చిత్తుప్రతుల మధ్య విరామానికి అట్టిపెడతాను. రాస్తున్న రోజుల్లో మాత్రం ఈడిత్ ఫించ్ లాగా ఒకటి రెండు సాయంత్రాల్లో ముగిసేవే మేలు. అదీ ఉదయం పేజీలు అయ్యాకే.

డాలస్_నుంచి:
'వెంబా' (2023) గురించి ఎవరూ చెప్పలేదే! 1988లో కెనడా చేరిన తమిళ కుటుంబం కథ. తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, చెరిగిపోయి ఉంటుంది. చెరిగిన భాగంలో ఏముండి ఉంటుందో ఊహించి ఇడ్లీ వండాలి. నేను రాస్తున్న తల్లీకొడుకుల కథలో ఇద్దరూ మనసులో మాట బయటపెట్టి కొట్లాడుకునే ఘట్టం ఒకటి ఉండేది. అది తీసేసి వంటగది పెట్టాను. కొడుకు పోపు పెట్టే పద్ధతి అడుగుతాడు, తల్లి చెబుతుంది. కథ ఇప్పుడు ఎంతో బాగుంది, ఈ నెలలోనే ఒక పత్రికకు పంపుతున్నాను.

తునికాకు:
డాలస్ గారూ, అచ్చయితే తప్పకుండా ఇక్కడ చెప్పండి. వేకువపేజీ గారి పద్ధతి నాకూ నచ్చింది. ప్రస్తుతం 'డిస్కో ఎలిసియం' కొద్దికొద్దిగా ఆడుతున్నాను. దాని ప్రధాన రచయిత రాబర్ట్ కుర్విట్జ్ ముందు నవలాకారుడు, ఎస్టోనియా వాడు. డిటెక్టివ్ బుర్రలో 24 నైపుణ్యాలు ఒక్కొక్కటీ ఒక్కో గొంతుతో వాదించుకుంటాయి. ప్రతి గొంతుకూ వేరే వాక్యం, వేరే పొగరు! చదివినదే మళ్లీ చదువుతున్నాను. నాలుగో భాగం అయ్యాక ఓబ్రా డిన్ మొదలుపెడతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోవాలా?

నేరపరిశోధన:
అక్కర్లేదండీ, ఆటలోనే పుస్తకం ఉంది. సిబ్బంది పేర్ల పట్టిక, ఓడలోని చిత్రకారుడు గీసిన బొమ్మలు అందులోనే ఉంటాయి. ముందు ఆ బొమ్మల్లో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో తీరిగ్గా చూడండి.