ఇంటిగ్రేటివ్ హెల్త్ మాస్టర్స్: మొదటి సెమిస్టర్‌లో రీసెర్చ్ మెథడ్స్ తీసుకోవాలా?

కొత్తగా_వచ్చా:
అన్నలకూ అక్కలకూ నమస్తే. నేను అమెరికా వచ్చి పన్నెండు రోజులైంది. ఇండియాలో బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చేశాను. ఇక్కడ ఇంటిగ్రేటివ్ హెల్త్ అండ్ వెల్‌నెస్‌లో మాస్టర్స్‌కి సీటొచ్చింది. అడగాల్సింది చిన్నదే. రీసెర్చ్ మెథడ్స్ క్లాసు ఈ సెమిస్టర్‌లోనే తీసుకోవాలా, తర్వాతి సెమిస్టర్‌కి వదిలేయాలా? మిగతా రెండూ న్యూట్రిషన్, మైండ్-బాడీ. శుక్రవారంలోపు రిజిస్టర్ చేసుకోవాలి. కాస్త టెన్షన్‌గా ఉంది.

పాతకాపు:
చెల్లెమ్మా, క్లాసుల గొడవ తర్వాత. ముందు నీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చిన పత్రం) తీసి ప్రోగ్రామ్ పేరు దగ్గరున్న ఆరంకెల సీఐపీ కోడ్ చూడు, నీ చదువు ఏ రంగం కిందకొస్తుందో అదే చెబుతుంది. అసలు కథంతా అందులోనే ఉంది. 51తో మొదలైతే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల చదువులు) కాదు. చదువయ్యాక ఓపీటీ, అంటే ఇక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలు, అంతే. స్టెమ్ వాళ్లకు దాని మీద ఇంకో 24 నెలలు ఇస్తారు. ఆ 12 నెలల్లో కూడా ఉద్యోగం లేని రోజులు అన్నీ కలిపి 90 దాటకూడదు. నేను వచ్చిన కొత్తలో ఇవన్నీ చెప్పే దిక్కు లేదు. నా మాట విని, ఇంకా సమయం ఉండగానే కోర్సు మార్చుకో. ఆరోగ్యం సబ్జెక్టులన్నీ ఇంతే.

డేటా_డ్యూటీ:
పాతకాపు గారూ, మళ్లీ అదే పాటా? 51లో ఉన్నవన్నీ స్టెమ్ కాకుండా పోవు. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ కోడ్ 51.2706. అది స్టెమ్ జాబితాలో ఉంది, నా పొడిగింపు దాని మీదే వచ్చింది. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ అయితే 26 కింద వస్తుంది, 26 మొత్తం స్టెమే. ప్రత్యామ్నాయ వైద్యానికి ఇచ్చే 51.33 మాత్రం కాదు. ఒకే పేరున్న డిగ్రీకి రెండు కాలేజీలు రెండు కోడ్‌లు పెట్టుకోవచ్చు. కోడ్ ఏదో తెలుసుకోకుండానే కోర్సు మార్చుకోమంటే ఎలాగండీ?

పాతకాపు:
కోడ్ చూడమని నేనూ చెప్పాను కదా. మొదటి వాక్యం అదే.

వెన్నునొప్పి_అక్క:
నేను నాలుగేళ్ల కిందట ఇదే డిగ్రీ చేశాను. వేరే కాలేజీ, పేరు వద్దు. చెల్లీ, నువ్వు అడగనిది ఒకటి చెబుతాను, ఓపిగ్గా చదువు.

మూడో సెమిస్టర్‌లో నాకు వెన్నునొప్పి పట్టుకుంది. పది నిమిషాలు కుర్చీలో కూర్చోలేని పరిస్థితి. మా కాలేజీ క్లినిక్‌లోనే ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను, నిజంగా కొంత తగ్గింది. సూదులు వేసినావిడే “ఒక క్లాసు తగ్గించుకోమ్మా, కావాలంటే ఉత్తరం రాసిస్తాను” అన్నారు. గురువారం రాత్రి పోర్టల్ తెరిచి, ఉండాల్సిన తొమ్మిది క్రెడిట్లలో ఒక మూడు క్రెడిట్ల క్లాసు డ్రాప్ చేసేశాను. పోర్టల్ ఏమీ అడగలేదు. “విజయవంతంగా తొలగించబడింది” అని ఆకుపచ్చ టిక్కు కూడా వేసింది.

సోమవారం ఆ ఉత్తరం పట్టుకుని ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లాను. కిటికీ దగ్గరున్న అబ్బాయి చదివి, లోపలికి తీసుకెళ్లి, ఇరవై నిమిషాల తర్వాత తిరిగి తెచ్చాడు. చెల్లదట. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు జబ్బు వల్ల క్లాసులు తగ్గించుకోవాలంటే లైసెన్సున్న ఎండీయో, ఆస్టియోపతిక్ డాక్టరో, క్లినికల్ సైకాలజిస్టో రాసివ్వాలి. ఆక్యుపంక్చర్ చేసేవాళ్లు ఆ జాబితాలో లేరు. అదే కాలేజీలో ఆవిడ మాకు పాఠం చెబుతున్నారు, మేము ఆవిడ దగ్గర పరీక్ష రాస్తున్నాం, కానీ ఆవిడ సంతకం పక్క బిల్డింగులో పనికిరాదు! ఇంటిగ్రేటివ్ అనే మాటకు అర్థం ఆ రోజు కొత్తగా తెలిసింది.

అసలు తప్పు అదికాదు. తగ్గించుకోవాలంటే ముందు డీఎస్ఓ (కాలేజీలో ఎఫ్-1 వాళ్ల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాతే డ్రాప్ చేయాలి. నేను తిరగేసి చేశాను. వారానికి పైగా నిద్ర లేదు. ఆఫీసులో ఒకరు “ఏం కాదులే” అంటారు, మర్నాడు ఇంకొకరు “స్టేటస్ పోతే ఐదు నెలల్లోపు రీఇన్‌స్టేట్‌మెంట్‌కి, అంటే దాన్ని తిరిగి ఇమ్మని, అప్లై చేసుకోవచ్చు” అంటారు. ఓదార్పుగానే అన్నారనుకుంటా. చివరికి మా డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్ సెమిస్టర్ సగంలో మొదలయ్యే మూడు క్రెడిట్ల క్లాసు ఒకటి వెతికిపెట్టారు, గదిలో కూర్చుని వినేది. మళ్లీ తొమ్మిది అయ్యాయి. అది బయోస్టాటిస్టిక్స్. వెన్నునొప్పితో వెనక గోడకు ఆనుకుని నిలబడి ఏడు వారాలు విన్నాను.

ఇంకొకటి. ఈ డిగ్రీలో క్లాసులు చాలావరకు ఆన్‌లైన్‌లో పెట్టేస్తారు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు చదువుతారు కాబట్టి. ఎఫ్-1 వాళ్లకు ఫుల్ లోడ్ (టర్మ్‌కి తప్పనిసరిగా ఉండాల్సిన క్రెడిట్లు) లెక్కలో టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, మూడు క్రెడిట్ల వరకే కలుపుతారు. షెడ్యూల్‌లో సెక్షన్ నంబర్ పక్కన ఏముందో చూసుకో. అనుమానం ఉంటే అడుగు, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకో. నోటిమాట నమ్మకు.

పాతకాపు:
అందుకే నేను చెప్పేది, స్టెమ్ అయితే ఈ తలనొప్పులు ఉండవు.

డేటా_డ్యూటీ:
ఫుల్ లోడ్ రూలు స్టెమ్ వాళ్లకూ అదేనండీ.

నైట్‌డ్యూటీ_నర్సు:
వెన్నునొప్పి అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను, పదకొండేళ్లుగా ఆసుపత్రిలో ఉన్నాను కాబట్టి. అమ్మా, ఈ డిగ్రీ నీకు చదువు ఇస్తుంది, లైసెన్సు ఇవ్వదు. ఇక్కడ అవి రెండూ వేరు. రెండేళ్ల తర్వాత ఏ పరీక్ష రాయాలో ఇప్పుడే తేల్చుకో, దాన్నిబట్టి క్లాసులు ఎంచుకో.

డైటీషియన్ కావాలనుంటే 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ తప్పనిసరి చేశారు. మాస్టర్స్ ఒక్కటే చాలదు, ఏసెండ్ (డైటీషియన్ చదువులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తించిన చదువు, కనీసం 1,000 గంటల పర్యవేక్షణలో పని, ఆ తర్వాత పరీక్ష. నీ డిగ్రీలో న్యూట్రిషన్ క్లాసు ఉంది కదా అని అది వచ్చేయదు. చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. ఆక్యుపంక్చర్‌కి వేరే స్కూలు, రాష్ట్రం లైసెన్సు. మసాజ్‌కీ చాలా రాష్ట్రాల్లో అంతే. ఈ డిగ్రీకి దగ్గరగా ఉన్నది హెల్త్ కోచింగ్. దానికి నేషనల్ బోర్డు పరీక్ష ఉంది, 2017లో మొదలైంది. బోర్డు ఒప్పుకున్న శిక్షణ, 50 కోచింగ్ సెషన్ల రికార్డు ఉండాలి. మీ ప్రోగ్రామ్‌కి ఆ బోర్డు గుర్తింపు ఉందో లేదో వాళ్ల సైట్‌లోనే చూడు, కాలేజీ బ్రోషర్‌లో కాదు. బ్రోషర్‌లో “సిద్ధం చేస్తుంది” అని రాస్తారు. సిద్ధం చేయడం వేరు, అర్హత ఇవ్వడం వేరు.

మా ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డుకి ఇద్దరు కోచ్‌లు ఉన్నారు, మంచి పని చేస్తున్నారు. కానీ ఇద్దరూ అంతకుముందు నర్సులే. హెచ్-1బీ (ఉద్యోగ వీసా)కి ఆ ఉద్యోగానికి ఫలానా డిగ్రీయే కావాలని కంపెనీ చూపించాలి. కోచ్ ఉద్యోగానికి అది చూపించడం కష్టం. నిన్ను భయపెట్టాలని కాదు.

వనమూలిక:
నేనూ బీఏఎంఎస్‌నే. చెల్లాయ్, ఐదున్నరేళ్ల చదువు చదివొచ్చావు, ఇక్కడివాళ్లు నీకు కొత్తగా నేర్పేది తక్కువే. వాళ్లు ఇప్పుడు మైండ్-బాడీ అని చెప్పేది మనకు ఎప్పుడో తెలుసు. ధైర్యంగా ప్రాక్టీసు పెట్టుకో.

మందులకొట్టు:
ఆ చివరి మాట దయచేసి వినకమ్మా. ఆయుర్వేదానికి ఇక్కడ ఏ రాష్ట్రంలోనూ లైసెన్సు లేదు. డాక్టర్ అని బోర్డు పెట్టుకుని వైద్యం చేస్తే లైసెన్సు లేకుండా వైద్యం చేసినట్టే. ఇక ఎఫ్-1 మీద ఉండి చదువుకుంటూ ప్రాక్టీసు అంటే రెండో తప్పు. వెల్‌నెస్ సెంటర్లు “ఊరికే వచ్చి వాలంటీర్‌గా చేయి” అంటాయి. అందరికీ జీతమిచ్చి చేయించే పని నీతో ఊరికే చేయించుకుంటే అది వాలంటీర్ కాదు, అనుమతి లేని ఉద్యోగం.

నేను ఫార్మసిస్టుని. ఇంట్లో మనవాళ్లు వాడే మూలికలన్నీ మంచివే అనుకుంటారు. 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ (మందులను ఆమోదించే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) ఆమోదం అక్కర్లేదు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), గర్భనిరోధక మాత్రల పని తగ్గించేస్తుంది. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికాయి.

వనమూలిక:
ఆ స్టడీ ఎప్పుడూ మన నెత్తినే వేస్తారు. భస్మాలు (లోహాలతో చేసే మందులు) శోధన చేసి, అంటే శుద్ధి చేసి, తయారుచేస్తారు, దుకాణంలో ఎవరో అమ్మినదానికి శాస్త్రం ఏం చేస్తుంది? మీ మాత్రలకు సైడ్ ఎఫెక్టులు లేవా?

మందులకొట్టు:
ఉన్నాయి. డబ్బా మీద రాసి ఇస్తాం. నేను అడిగేదీ అంతే. శోధన బాగా జరిగిందో లేదో కొన్నవాడికి ఎలా తెలుస్తుంది?

వనమూలిక:
ఆ మాట ఒప్పుకుంటాను. ప్రాక్టీసు అన్నది కూడా చదువయ్యాక సంగతి, ఇప్పుడే అని కాదు నా ఉద్దేశం.

రెండో_ఏడాది:
ప్రశ్న రీసెర్చ్ మెథడ్స్ గురించి కదా? ఇప్పుడే తీసుకో. నేను రెండో ఏడాదికి వాయిదా వేసి, క్యాప్‌స్టోన్ (డిగ్రీ చివర చేసే ప్రాజెక్టు) ప్రపోజల్ రాసే సెమిస్టర్‌లోనే దాన్నీ మోశాను.

అందులో ఒక్క విషయం అర్థమైతే మిగతా క్లాసులన్నీ తేలికవుతాయి. మందుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చవచ్చు. కానీ యోగా చేస్తున్న సంగతి తెలియకుండా ఎవరిచేతా యోగా చేయించలేం. మరి ఫలితం యోగాదా, నమ్మకానిదా, వారానికి మూడుసార్లు ఎవరో పలకరించడానిదా? ఆక్యుపంక్చర్‌లో అయితే ఉత్తుత్తి సూదులతో పోలుస్తారు. దీర్ఘకాలిక నొప్పిలో అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ మధ్య తేడా చిన్నది, అసలేమీ చేయించుకోని వాళ్లతో పోలిస్తే తేడా పెద్దది. దీన్ని ఎలా చదవాలన్న దాని మీదే మా క్లాసు రెండు వారాలు కొట్టుకుంది. నువ్వు బీఏఎంఎస్ కాబట్టి ఈ చర్చలో అందరూ నీ వైపే చూస్తారు, సమర్థించుకోవాలనిపిస్తుంది. నాకు తెలిసినంతలో, మొదట్లో కొంచెం ఊరుకో.

పాతకాపు:
బాగా చెప్పావు. అయినా కోడ్ చూడమనే అంటాను.

కొత్తగా_వచ్చా:
అందరికీ థ్యాంక్స్. కోడ్ చూశాను అన్నా, 51.33యే. కోర్సు మాత్రం మార్చను, హెల్త్ కోచింగ్ బోర్డు జాబితాలో మా ప్రోగ్రామ్ ఉంది. రీసెర్చ్ మెథడ్స్ కలిపి మూడూ రిజిస్టర్ చేసేశాను. మైండ్-బాడీ ఒక్కటీ ఆన్‌లైన్ సెక్షన్‌లో పడింది. ఒక్కటే కాబట్టి పర్వాలేదని ఆఫీసులో చెప్పారు.

వెన్నునొప్పి_అక్క:
ఈమెయిల్‌లో చెప్పారా, నోటితోనా?

కొత్తగా_వచ్చా:
నోటితో. రేపు పొద్దున్నే మెయిల్ పెడతానక్కా.