హీమోఫీలియా: చర్మం కింద వేసే సూది మొదలుపెడితే ఇక ఫ్యాక్టర్ అక్కర్లేదా? వైజాగ్ చుట్టుపక్కల వాళ్లు చెప్పండి

గాజువాక నాన్న
అందరికీ నమస్కారం. మా బాబుకి ఏడేళ్లు. హీమోఫీలియా ఏ, సివియర్. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ ఫ్యాక్టర్ ఎయిట్ ఒక శాతం కూడా లేదు. కుడి మోకాలు పదేపదే వాచిపోతోంది. వారానికి రెండుసార్లు నరానికి ఫ్యాక్టర్ ఎక్కిస్తున్నారు. నరం దొరక్క వాడూ ఏడుపే, వాళ్లమ్మా ఏడుపే. ఇప్పుడు డాక్టరుగారు చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ అనే సూదికి మారుద్దాం అంటున్నారు. మా బావగారేమో "తొందరపడకండి, వెల్లూరులో జీన్ థెరపీ వచ్చేసింది, ఒక్కసారితో జబ్బే పోతుంది" అని వీడియో పంపారు. మారాలా, ఆగాలా? మారితే ఫ్రిజ్‌లో ఉన్న ఫ్యాక్టర్ సంగతేంటి?

సీతమ్మధార అమ్మ
మారండి అన్నయ్యగారూ. ఏడేళ్ల మోకాలు జీన్ థెరపీ కోసం ఎదురుచూడదు. కీలులో రక్తం పడ్డ ప్రతిసారీ లోపలి పొర మందమవుతుంది, మందమైన పొర నుంచి మళ్లీ రక్తం. ఆ వరసని ఇప్పుడే తెంచాలి.

మా వాడికి ఈ మందే నడుస్తోంది. శరీరంలో ఫ్యాక్టర్ ఎయిట్ చేసే పని తొమ్మిదో ఫ్యాక్టర్నీ పదో ఫ్యాక్టర్నీ ఒకచోటికి చేర్చడం. ఈ యాంటీబాడీ ఒక చేత్తో దాన్నీ, ఇంకో చేత్తో దీన్నీ పట్టుకుని అదే పని చేస్తుంది. తను ఎయిట్ కాదు కాబట్టి, ఎయిట్ మీద ఇన్హిబిటర్లు, అంటే ఎక్కించిన ఎయిట్‌ని పనిచేయనివ్వకుండా ఒళ్లే తయారుచేసుకునే యాంటీబాడీలు, వచ్చిన పిల్లలకీ పనిచేస్తుంది. అసలు అమెరికాలో 2017లో మొదట అనుమతిచ్చింది వాళ్లకే. ఇన్హిబిటర్లు లేనివాళ్లకి 2018లో ఇచ్చారు.

మొదటి నాలుగు వారాలు వారానికోసారి, కిలోకి 3 మిల్లీగ్రాముల చొప్పున. తర్వాత వారానికి 1.5 గానీ, రెండు వారాలకి 3 గానీ, నాలుగు వారాలకి 6 గానీ. మా వాడు 20 కిలోలున్నప్పుడు రెండు వారాలకి 60 మిల్లీగ్రాములు, ఒక్క వయల్‌తో సరిగ్గా సరిపోయేది. బరువు పెరిగాక వయల్‌లో మిగిలింది పారబోయడమే. ఎంత ఖరీదో తెలుసుగా, ప్రాణం ఉసూరుమంటుంది. డోసూ, వయల్ సైజూ కలిసొచ్చేలా రాయమని ముందే అడగండి.

ఫ్రిజ్‌లో ఫ్యాక్టర్ మాత్రం తీసెయ్యొద్దు. ఈ మందు సివియర్‌ని దాదాపు మైల్డ్‌లా చేస్తుంది, అంతే. గట్టి దెబ్బ తగిలినా, ఆపరేషన్ చేయాలన్నా మళ్లీ ఎయిటే కావాలి.

నీలం మూత
ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి, మా సబ్జెక్టు గనక ఒక మాట. ఎమిసిజుమాబ్ మొదలయ్యాక ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే టైము చూసే పరీక్ష, నార్మల్ వస్తుంది. చాలా తక్కువ మందు ఒంట్లో ఉన్నా చాలు, నార్మలే. ఆ రిపోర్టు చూసి "మీవాడికి జబ్బు తగ్గిపోయింది" అనేవాళ్లుంటారు. నమ్మకండి. మామూలు పద్ధతిలో చేసే ఫ్యాక్టర్ ఎయిట్ లెవెల్, ఇన్హిబిటర్ పరీక్ష కూడా తప్పుగానే వస్తాయి. ఆవు ఫ్యాక్టర్లతో చేసే క్రోమోజెనిక్ పరీక్ష ఉంటుంది, అదొక్కటే నికరం. మందు ఆపాక కూడా ఆరు నెలల వరకు ఈ గొడవ ఉంటుంది.

ఇంకోటి, మందుతో సంబంధం లేనిది. నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం నిండాలి. లోపల రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉంటుంది, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు లెక్క. పిల్లాడు గింజుకున్నాడని సగం ట్యూబుతో సరిపెడితే సిట్రేట్ ఎక్కువై, గడ్డకట్టే టైము ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తీసిన నాలుగు గంటల్లో చేయాలి. అరకులో పొద్దున్న తీసి సాయంత్రం బస్సులో వైజాగ్ పంపిన శాంపిల్‌తో ఫ్యాక్టర్ లెవెల్ తేల్చామంటే నేనైతే ఒప్పుకోను. బిడ్డనే ఇక్కడికి తీసుకురండి.

గాజువాక నాన్న
అయితే రాత్రిపూట కేజువాల్టీకి వెళ్తే ఏం చెప్పాలి? మొన్న ఒకచోట డ్యూటీలో ఉన్న అబ్బాయి "ముందు స్కాన్, ఆ తర్వాత ఫ్యాక్టర్" అన్నాడు. వాదించడానికి ధైర్యం చాల్లేదు.

హెమటాలజీ పీజీ
వాదించండి సార్. తలకి దెబ్బ అంటే ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్. ప్రపంచమంతా ఇదే పద్ధతి. ఎమిసిజుమాబ్ మీద ఉన్నా సరే. లెక్క కూడా చెప్తాను. ఫ్యాక్టర్ ఎయిట్ కిలోకి ఒక యూనిట్ వేస్తే రక్తంలో 2 శాతం పెరుగుతుంది. 20 కిలోల బాబుకి 50 శాతం పెంచాలంటే 500 యూనిట్లు. తలకి దెబ్బైతే 100 శాతం దాకా కావాలి, అంటే 1000. ఇది కాగితం మీద రాయించి, మీ డాక్టరుగారి సంతకంతో పర్సులో పెట్టుకోండి. రాత్రి రెండింటికి ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

కుడివైపు పొత్తికడుపు నొప్పి, కాలు చాపలేకపోవడం ఉంటే అపెండిసైటిస్ అని వెంటనే కోయనివ్వకండి. తుంటి దగ్గర సోయాస్ అనే కండరంలో రక్తం పడ్డా అచ్చం అలాగే ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో తేలిపోతుంది. నొప్పికి పారాసిటమాల్ పర్వాలేదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. పిరుదుకి సూది అసలే వద్దు.

ఇన్హిబిటర్లు ఉన్న పిల్లల అమ్మానాన్నలకి ప్రత్యేకంగా: ఎమిసిజుమాబ్ మీద ఉండగా ఇన్హిబిటర్లు ఉన్నవాళ్లకి రక్తం ఆపడానికి వేసే ఫీబా లాంటి మందు పెద్ద డోసుల్లో ఒక రోజుకి మించి వేస్తే సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కట్టిన కేసులు ట్రయల్స్‌లోనే ఉన్నాయి. కేజువాల్టీలో ఆ మందు పేరు వినిపిస్తే మీ హెమటాలజిస్టుకి (రక్త జబ్బుల డాక్టరుకి) ఫోన్ కలపండి.

స్టీల్‌ప్లాంట్ బీ బ్యాచ్
అందరూ ఏ, ఏ అంటున్నారు. మాది బీ, తొమ్మిదో ఫ్యాక్టర్. క్రిస్మస్ జబ్బు అంటే మా చర్చి పాస్టరుగారు కూడా నవ్వుతారు. 1952లో స్టీఫెన్ క్రిస్మస్ అనే అబ్బాయిలో కనిపెట్టారు కాబట్టి ఆ పేరు. ఎమిసిజుమాబ్ మాకు పనికిరాదు, పట్టుకోవడానికి తొమ్మిదే లేదు కదా. మాకేమైనా ఉందా డాక్టరుగారూ, లేక మా మోకాళ్లు ఇలాగే కొట్టుకుపోవడమేనా?

హెమటాలజీ పీజీ
ఉందన్నా. ఈ ఏడెనిమిదేళ్లలో నాకు బాగా నచ్చిన పరిశోధన మీ వైపుదే. రక్తం గడ్డకట్టడానికి ఫ్యాక్టర్లు ఎలా ఉన్నాయో, మరీ ఎక్కువ కట్టకుండా ఆపే బ్రేకులు కూడా ఉన్నాయి: యాంటీథ్రాంబిన్, టీఎఫ్‌పీఐ, ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్. హీమోఫీలియాతో పాటు పుట్టుకతోనే బ్రేకు లోపం కూడా ఉన్న కొందరికి రక్తస్రావం తక్కువగా ఉండటం డాక్టర్లు గమనించారు. లేనిదాన్ని పొయ్యడం బదులు బ్రేకు కాస్త వదులు చేస్తే? ఏ అయినా బీ అయినా ఒకటే మందు సరిపోవాలి కదా.

అలా వచ్చినవే కాన్సిజుమాబ్, మార్‌స్టాసిమాబ్. ఇవి టీఎఫ్‌పీఐని అడ్డుకుంటాయి. ఫిటుసిరాన్ కాలేయంలో యాంటీథ్రాంబిన్ తయారీనే తగ్గిస్తుంది. మొదటి రెండూ 2024 చివర్లో, మూడోది 2025 మార్చిలో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నాయి. మన దగ్గర ఎవరికి, ఎప్పుడు అన్నది మీ సెంటర్‌లోనే అడగాలి.

బ్రేకుతో ఆటలు కాబట్టి దెబ్బలూ తిన్నారు. ఫిటుసిరాన్ ట్రయల్ 2017లో ఒకరు మెదడులో గడ్డ కట్టి చనిపోయాక ఆపేశారు, తర్వాత డోసు తగ్గించి నడిపారు. కాన్సిజుమాబ్ ట్రయల్ కూడా 2020లో గడ్డల వల్లే కొన్నాళ్లు ఆగింది. వీడియోల్లో ఈ సగం చూపించరు.

ఇక వెల్లూరు సంగతి. గాజువాక సార్, అది నిజమే. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో అలోక్ శ్రీవాస్తవ గారి బృందం సివియర్ హీమోఫీలియా ఏ ఉన్న ఐదుగురికి వాళ్ల మూలకణాలే తీసి, వైరస్ వాహకంతో ఎయిట్ జన్యువు చేర్చి, తిరిగి ఎక్కించింది. 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ తర్వాత గమనించినంత కాలం ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. గొప్ప పని, సందేహం లేదు. కానీ ఐదుగురూ 22 నుంచి 41 ఏళ్ల పెద్దవాళ్లు, ఎక్కించే ముందు కీమో మందు ఇచ్చి ఎముక మూలుగ ఖాళీ చేయాలి. విదేశాల్లో అమ్మే జీన్ థెరపీలు కాలేయంలోకి పంపేవి. కాలేయం ఇంకా పెరిగే వయసులో ఆ జన్యువు పలచబడిపోతుంది గనక పిల్లలకి ఇవ్వరు. బీ కోసం 2022లో వచ్చిన హెమ్‌జెనిక్స్ ధర 35 లక్షల డాలర్లు. రూపాయల్లో లెక్క మీరే వేసుకోండి. మీ బాబు పెద్దయ్యేసరికి ఏ దారి ఉంటుందో గానీ, అప్పటికి వాడి మోకాలు పనిచేస్తూ ఉండాలి.

మద్దిలపాలెం అక్క
కొంచెం పక్క విషయం, తిట్టకండి. మా తమ్ముడికి 29, సివియర్ ఏ. సంబంధాలు కుదరట్లేదు. అమ్మమ్మ మా పెద్దక్క కూతుర్నే చేసేద్దామని పట్టు పట్టింది. "బయట పిల్లనెవరిస్తారు, మన పిల్లైతే కడుపులో పెట్టుకుంటుంది" అని. అక్కకీ మనసు ఉంది. ఏదైనా ప్రమాదమా?

హెమటాలజీ పీజీ
అక్కా, ఇది పక్క విషయం కాదు. మన ఉత్తరాంధ్రలో అందరూ అడగాల్సింది ఇదే.

ఏ, బీ రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తాయి, మేనరికం వల్ల పుట్టవు. ఇంటి చరిత్రే లేకుండా కొత్తగా వచ్చేవి మూడోవంతు ఉంటాయి. మీ తమ్ముడు బయటి అమ్మాయిని చేసుకుంటే కొడుకుల్లో ఎవరికీ జబ్బు రాదు, తండ్రి నుంచి వాళ్లకి అందేది వై క్రోమోజోమ్. కూతుళ్లంతా క్యారియర్లు, అంటే లోపమున్న జన్యువుని మోసేవాళ్లు, అవుతారు. అదే మేనకోడలైతే లెక్క మారిపోతుంది. మీ అమ్మగారు క్యారియర్ అయితే మీ అక్కకి సగం అవకాశం, ఆమె కూతురికి పావు. ఆ అమ్మాయి నిజంగా క్యారియర్ అయితే పుట్టే కొడుకుల్లో సగం మందికి హీమోఫీలియా, కూతుళ్లలో కూడా సగం మందికి హీమోఫీలియా. ఆడపిల్లకి సివియర్ అంటే మొదటి నెలసరి నుంచీ యుద్ధమే.

అమ్మమ్మగారికి ఇలా చెప్పండి: ఈ ఒక్క విషయంలో బయటి పిల్లే క్షేమం.

మాట వినకపోతే పరీక్షలు చేయించండి. ముందు తమ్ముడి జన్యులోపం ఏదో తేలాలి. సివియర్ ఏలో దాదాపు 45 శాతం మందికి ఎయిట్ జన్యువులో ఇంట్రాన్ 22 అనే చోట ముక్క తిరగబడటమే కారణం. అది దొరికాక అక్కనీ, పాపనీ చూస్తారు. ఫ్యాక్టర్ లెవెల్ నార్మల్ ఉందని క్యారియర్ కాదనుకోవద్దు. వెల్లూరు సీఎంసీ, ముంబైలోని ఎన్‌ఐఐహెచ్ అనే రక్త జబ్బుల పరిశోధన సంస్థ ఈ పరీక్షలు చేస్తాయి.

మద్దిలపాలెం అక్క
ఈ పోస్టు ప్రింటు తీసి తీసుకెళ్తున్నాను. అమ్మమ్మ చదవదు, చదివి వినిపిస్తా.

పెందుర్తి వాణి
ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి. మా పాపకి నెలసరి పది రోజులు, గడ్డలు గడ్డలుగా. ఏళ్ల తరబడి హార్మోన్లు అన్నారు, ఐరన్ మాత్రలు ఇచ్చి పంపేశారు. పన్ను పీకించినప్పుడు రాత్రంతా రక్తం ఆగకపోతే ఆ డెంటిస్టే పరీక్షకి పంపారు. వాన్ విల్లెబ్రాండ్ అని తేలింది, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఆ పేరుగల ప్రోటీన్ తక్కువ. మొదటి పరీక్ష నార్మలే వచ్చింది, రెండోసారి చేస్తే తక్కువ. టెన్షన్, జ్వరం, గర్భం ఉంటే ఆ ప్రోటీన్ పెరిగి కనిపిస్తుందట. 1926లో వాన్ విల్లెబ్రాండ్ గారు ఈ జబ్బు గురించి రాసిన కుటుంబంలో ఒక అమ్మాయి నాలుగో నెలసరికే చనిపోయిందని చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. పాపకి ఇప్పుడు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఆ నాలుగు రోజులూ ఇస్తున్నాం. బడి మానట్లేదు.

నీలం మూత
ఇంకోటి కలుపుతాను. బొడ్డు ఊడిన చోట రక్తం ఆగని పసిబిడ్డకి రక్తం గడ్డకట్టే టైము చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు రెండూ నార్మల్ వచ్చాయని ఇంటికి పంపేస్తుంటారు. ఫ్యాక్టర్ 13 లోపం ఆ రెండిట్లోనూ కనపడదు. గడ్డని యూరియాలో వేసి కరుగుతుందేమో చూసే పరీక్ష విడిగా అడగాలి. ఇది మాత్రం మేనరికాల్లో ఎక్కువే కనిపిస్తుంది.

గాజువాక నాన్న
అందరికీ దండాలు. వచ్చే వారం నుంచి ఎమిసిజుమాబ్ మొదలుపెడుతున్నాం. వాడి ప్రశ్న ఒక్కటే: ఈతకి వెళ్లొచ్చా అని.

సీతమ్మధార అమ్మ
మొదటి నాలుగు వారాల డోసులు పూర్తయ్యాక, మోకాలు వాపు లేని రోజు చూసి పంపండి. కీళ్లకి ఈతంత మంచిది ఇంకోటి లేదని మా ఫిజియో చెప్పారు. కబడ్డీ, తోపులాటలు వద్దు. పూల్‌కే పంపండి, ఆర్కే బీచ్‌కి కాదు. అక్కడి అలలకి హీమోఫీలియా లేనివాళ్లే కొట్టుకుపోతున్నారు.