ఆదివారం చర్చిలో, కాగితం మీద హిందువుగా: దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలా?

గుండ్లకమ్మ (చర్చ మొదలుపెట్టినవారు):
సమాధుల పండుగ నాడు మా ఊరికి వెళ్లాను. మా బాబాయి పోయి ఏడాది అయింది. సమాధికి గచ్చు చేయించారు, సున్నం కొట్టించారు, పూలు పెట్టారు. సిలువ మాత్రం లేదు. బాబాయి నలభై ఏళ్లు ఆ చర్చిలో గంట కొట్టిన మనిషి. ఎందుకు పెట్టలేదురా అని అడిగితే బాబాయి కొడుకు, మా తమ్ముడు, తల దించుకున్నాడు. ఎవరైనా ఫొటో తీసి పై ఆఫీసుకు పంపితే ఉద్యోగం పోతుందని వాడి భయం. వాడికి ఎస్సీ కోటాలో ఉద్యోగం వచ్చింది. సర్వీసు రిజిస్టర్‌లో హిందూ మాదిగ అని ఉంటుంది.

మా నాన్న అలా చేయలేదు. నన్ను బడిలో వేసినప్పుడు మతం దగ్గర క్రిస్టియన్ అనే రాయించారు. అందుకని మేం బీసీ-సీ, అంటే ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ల గ్రూపు. ఆ గ్రూపుకి ఉన్నది ఒక్క శాతం. ఆ ఒక్క శాతం కోసం రాష్ట్రంలో మావాళ్లంతా పోటీ పడాలి. రెండుసార్లు డీఎస్సీ రాశాను, రెండుసార్లూ కొద్దిలో పోయింది. ఇప్పుడు ప్రైవేటు బడిలో చెబుతున్నాను. ఒకే తాతకి మనవళ్లం, ఒకే పల్లె, ఊళ్లోవాళ్లు మమ్మల్ని పిలిచే పేరూ ఒకటే. కాగితాలు మాత్రం వేరు.

ఎస్సీ హోదా ఇవ్వాలనే నేనంటాను. దానికి ఉద్యోగాల కంటే పెద్ద కారణం ఒకటుంది. టీవీలో, ఫేస్‌బుక్‌లో రోజూ క్రైస్తవం మీదే వాదన. మావాళ్లను తిట్టేవాళ్లు మాట్లాడతారు, ఓట్ల కోసం మెచ్చుకునేవాళ్లు మాట్లాడతారు. మా పల్లెల్లో చర్చికి పోయే లక్షలమంది మాత్రం ఒక్క మాట అనలేరు. నేను క్రైస్తవుణ్ని అని నలుగురిలో చెబితే సర్టిఫికెట్ పోతుంది. 1971 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4 శాతం పైన. 2011కి 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో చర్చీలు పెరిగాయో తగ్గాయో మీ మీ ఊళ్లు తలచుకుని చెప్పండి.

నల్లకోటు:
అక్కా, ముందు చట్టం ఎక్కడుందో చెబుతాను, తర్వాత వాదించుకోవచ్చు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాళ్లు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు.

1985లో సుప్రీంకోర్టులో సూసై కేసు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. అదే పని చేసే హిందూ దళితులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది, ఈయన క్రైస్తవుడని ఇవ్వలేదు. మతం మారాక కూడా అదే స్థాయిలో వివక్ష ఉందని రుజువులు చూపించాలంది కోర్టు. కేసు ఓడిపోయాడు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరాను తీసేయమని సిఫారసు చేసింది. కమిషన్‌లోనే సభ్య కార్యదర్శి ఒప్పుకోలేదు. 2022లో ఈ సంగతే పరిశీలించమని కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన ఏపీ అసెంబ్లీ కూడా హోదా ఇవ్వమని తీర్మానం చేసి పంపింది.

ఇక మీ తమ్ముడి భయం ఊరికే పుట్టింది కాదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది.

డప్పు:
అక్కా, నీది మాదిగ ఇల్లే, నాదీ మాదిగ ఇల్లే. అందుకే దాపరికం లేకుండా చెబుతున్నా, నేను వ్యతిరేకం.

1994లో మన జిల్లాలోనే ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది. ఎస్సీ కోటాను కులాలవారీగా పంచే వర్గీకరణ కోసం ముప్పై ఏళ్లు కొట్లాడాం. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఒప్పుకుంది. 2025లో ఏపీలో అమలైంది. పదిహేను శాతంలో మాకు వచ్చింది ఆరున్నర. మా నాన్న దండోరా సభలకు కాలినడకన వెళ్లినవాడు, ఈ రోజు చూడకుండానే పోయాడు. వచ్చి ఎంతో కాలం కాకముందే ఇంకొకళ్లను పక్కన కూర్చోబెట్టమంటే ఎట్లా?

ఇంకో మాట. మిషన్ బడులు, మిషన్ హాస్టళ్లు, మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగ్ మీ పల్లెకి అందాయి. మా తాత బడి మొహం చూడలేదు. రెండు కుటుంబాలనీ ఒకే గీత మీద నిలబెట్టి పరిగెత్తమంటే ఎవరు ముందు పోతారు?

గుండ్లకమ్మ:
తమ్ముడూ, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్న కూడా ఒక దండోరా సభకి వెళ్లారు. బైబిల్ పట్టుకునే వెళ్లారు.

మిషన్ బడి మాట నిజం. నేను దాన్ని దాచను. మా నాయనమ్మకి అక్షరాలు వచ్చింది అక్కడే. కానీ ఒకటి ఆలోచించు. మా బాబాయి కొడుకులాంటివాళ్లు ఇప్పటికే ఎస్సీ లెక్కలోనే ఉన్నారు, నీ పక్కనే కూర్చుని ఉన్నారు. కొత్తగా వచ్చేది మా నాన్నలా నిజం రాసినవాళ్లే. వాళ్లు వస్తే ఆ బీసీ-సీ ఒక్క శాతం కూడా వెంట తెచ్చుకోనివ్వండి.

డప్పు:
ఒక్క శాతం తెస్తే సరిపోతుందో లేదో ముందు లెక్క తీయాలి. లెక్క లేకుండా మాటిస్తే మళ్లీ మోసపోయేది కింద ఉన్నవాడే. మాకు అలవాటైంది.

తులసికోట:
మాది తెనాలి దగ్గర. హిందువుగా మాట్లాడుతున్నాను. ఎవరినీ కించపరచాలని కాదు.

అంటరానితనం హిందూ సమాజం చేసిన పాపం. ఎస్సీ హోదా దానికి పరిహారం. మా మతంలో సమానత్వం ఉంది, రండి అని పిలిచిన మతంలోకి వెళ్లాక ఆ పరిహారం మళ్లీ ఇక్కడే ఎందుకు అడగాలి? సమానత్వం ఇస్తానన్నవారిని కదా అడగాలి? పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయలు గౌరవ వేతనం ఇచ్చినప్పుడు, తీసుకున్నవాళ్లలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లూ ఉన్నారని ఆరోపణలు వచ్చాయి. అలాంటివి విన్నప్పుడు మామూలు మనిషికి కోపం రాదా?

ఇంకా చెప్పాలంటే, ఈ మతం మార్పిళ్లు మొదలైందే కరువులో. ఆకలి మీద ఉన్నవాడికి అన్నం పెట్టి మతం ఇచ్చారు. అది నాకు మింగుడు పడదు.

కాలువగట్టు:
తులసికోట గారూ, ఆ కరువు కథ మా ప్రాంతానిదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1876-78 నాటి ధాత కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉండేవాడు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, పల్లెల జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది వచ్చారు. కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఏడాది పైన ఆపాడు. కూలి పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదు, వెళ్లండి అన్నాడు. అయినా వాళ్లు కదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ చర్చ మొదలుపెట్టిన అక్క ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో మా వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు.

కరువుకి ముందు నుంచే చేరినవాళ్లున్నారు. వాళ్లకి పెట్టిన షరతులు చూడండి: చచ్చిన గొడ్డు మాంసం మానాలి, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఆదివారం పని చేయననడమంటే కరణానికి, మునసబుకి ఎదురు చెప్పడమే. జాతరలో డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నారు. మాదిగవాడు తన సొంత నోటితో "రాను" అనడం ఆ ఊళ్లలో చాలామంది అప్పుడే మొదటిసారి విని ఉంటారు. దాన్ని బియ్యం బస్తా కోసం మతం మారడం అంటే నాకు బాధ వేస్తుంది.

తులసికోట:
గుండ్లకమ్మ దగ్గర అలా జరిగిందని నాకు తెలియదు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా ప్రశ్న అలాగే ఉంది.

కాపరి:
నేను ఇరవై ఏళ్లుగా ఒక చిన్న సంఘానికి పాస్టర్ని. నా మాట మావాళ్లకే నచ్చదని తెలుసు. హోదా అడగొద్దు.

పౌలు గలతీయులకు రాసినప్పుడు క్రీస్తులో యూదుడనీ గ్రీకనీ, దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదన్నాడు. ఆదివారం ఇదే వాక్యం చెప్పి, సోమవారం మాలో కులం ఉంది, లెక్కలోకి తీసుకోండి అని అర్జీ పెడితే మన సాక్ష్యం ఏమవుతుంది? దోర్నకల్ బిషప్ అజరయ్య గారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. రాజ్యాంగ సభలో హెచ్.సి. ముఖర్జీ గారు స్వయంగా క్రైస్తవుడై ఉండి మతం పేరిట సీట్లు వద్దన్నారు. మన పెద్దలు ఈ దేశంలో తలెత్తుకు మాట్లాడగలిగింది ఏమీ అడగలేదు కాబట్టే.

కాగితం మీద ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకున్న బిడ్డలు మా సంఘంలోనే ఉన్నారు. ప్రభువు బల్ల దగ్గర వాళ్ల ముఖాలు చూసి నేను ఏడ్చిన రోజులున్నాయి.

పలక-బలపం:
అయ్యగారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. చర్చిలో కులం లేదా? గుంటూరు, పల్నాడు వైపు రెడ్ల చర్చి, మాలల చర్చి, మాదిగల చర్చి అని జనం పేరుపెట్టి చెబుతారు. సంబంధాలు ఎవరితో కలుపుకుంటారో మీకు తెలియదా? ఈ దేశంలో వందల ఏళ్లుగా ఉన్న కాథలిక్ చర్చిలో మొదటి దళిత కార్డినల్ మన తెలుగువాడే, పూల ఆంథోని గారు. అది 2022లో. అంతదాకా ఎందుకు ఆగింది?

జాషువా గారు పుట్టింది క్రైస్తవ ఇంట్లోనే. బాప్తిస్మం పొందిన ఇల్లు కదా అని ఊరు ఆయన్ని అంటుకుందా? జీవితమంతా ఆ అవమానం మీదే పద్యం రాయాల్సి వచ్చింది.

కాపరి:
లేదని అనలేను. మా సంఘం సమాధుల తోటలోనే మూడు వైపులున్నాయి. అది మా పాపం, మేమే కడుక్కోవాలి. ప్రభుత్వం దాన్ని చట్టంలో రాస్తే ఇక ఎప్పటికీ పోదని నా భయం.

నల్లకోటు:
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. రిజర్వేషన్ ఒకటి, అట్రాసిటీ చట్టం ఇంకొకటి.

2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు తీర్పు చూడండి. గుంటూరు జిల్లాలో ఒక పాస్టరు, తనను కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టారు. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నారు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. 1977 నాటి జీవో 341 వల్ల మతం మారినవాళ్లకి ఏపీలో కొన్ని రాయితీలున్నాయి, అవి ఈ చట్టానికి పనికిరావని తేల్చింది. ఉన్న చట్టం ప్రకారం ఆ తీర్పులో పెద్ద తప్పు పట్టలేను. మార్చాల్సింది చట్టాన్నే.

కారంచేడు గుర్తుందా? 1985 జూలై 17. మంచినీళ్ల చెరువు దగ్గర గొడవతో మొదలై ఆరుగురు మాదిగలను చంపారు. పారిపోయి వచ్చినవాళ్లు చీరాలలో చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు. గొడ్డలి పట్టుకుని వచ్చినవాడు మతం కాలమ్ చూసి రాలేదు. రిజర్వేషన్ గురించి ఎంత కాలమైనా వాదించుకోండి. కులం పేరుతో కొడితే శిక్షించే చట్టానికి మాత్రం బాధితుడి మతంతో పనేమిటి?

డప్పు:
దీనికి నేను సరే అంటాను. దెబ్బ తగిలినప్పుడు హిందూ మాదిగ, క్రైస్తవ మాదిగ అని లేదు. అట్రాసిటీ చట్టం వరకు అందరికీ పెట్టమని మా సంఘంలో కూడా మాట్లాడతాను. ఉద్యోగాల వాటా దగ్గర మాత్రం నా మాట మారలేదు అక్కా.

తులసికోట:
అట్రాసిటీ విషయంలో నాకూ అభ్యంతరం కనిపించడం లేదు. కులం పేరుతో తిట్టినవాడు పాపం చేసిన సమాజంలోవాడే కాబట్టి, ఎదుటివాడు ఏ మతంలో ఉన్నా శిక్ష పడాల్సిందే. హోదా గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

గుండ్లకమ్మ:
అందరికీ దండాలు. పాస్టర్ అయ్యగారూ, మీరు ఏడ్చానని రాసిన మాట మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడేం మాట్లాడలేదు. మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఏమీ అడగకుండా తలెత్తుకు తిరిగిన పెద్దలు బిషప్పులు, చదువుకున్నవారు. మా బాబాయి అడక్కపోయినా తలెత్తుకుని తిరగలేదు. ఆయన పేరు చర్చి రిజిస్టర్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి.

2027లో జనాభా లెక్కలు జరుగుతాయి. ఈసారి కులం కూడా అడుగుతారు. మా ఇంట్లో ఇప్పటికే మాటలు మొదలయ్యాయి. నేను మతం దగ్గర క్రైస్తవం, కులం దగ్గర మాదిగ అని రెండూ చెబుతాను. పిన్నిని నువ్వేం రాయిస్తావని అడిగాను. "నేను అరవై ఏళ్లుగా ప్రభువునే నమ్ముకున్నాను, ఆయనకి తెలుసు. లెక్కలవాళ్లకి మాత్రం పిల్లాడు చెప్పమన్నదే చెబుతా" అంది. తర్వాత పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, గూట్లోంచి ఒక గుడ్డ మూట తీసి చూపించింది. లోపల చెక్క సిలువ, బాబాయి పేరు చెక్కి ఉంది. చేయించి ఏడాది అయిందట. తమ్ముడు రిటైరయ్యాక పెట్టిస్తానన్నాడట. దానికి ఇంకా పంతొమ్మిదేళ్లుంది.