అమ్మని ఊరి నుంచి బెజవాడ ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం, పగలంతా ఆమెకి ఏం తోచట్లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏం చేస్తుంటారు?

పటమట అమ్మాయి:

అందరికీ నమస్తే. రోజూ టిఫిన్ల గురించీ ఎండల గురించీ మాట్లాడుకుంటాం కదా, ఇవాళ కాస్త ఇంటి సంగతి అడుగుతున్నా.

నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఊళ్లో ఉండటం మాకు మనసొప్పక, సంక్రాంతి అయ్యాక ఇక్కడికి తీసుకొచ్చాం. మాది తెనాలి పక్కన పల్లె. ఇక్కడ మాది మూడో అంతస్తు. నేనూ మా ఆయనా తొమ్మిదింటికల్లా ఆఫీసులకి వెళ్లిపోతాం, పిల్లాడు స్కూలూ ట్యూషనూ అయి వచ్చేసరికి సాయంత్రం ఆరు. అప్పటిదాకా అమ్మ ఒక్కతే. అడిగితే "నాకేంటే, హాయిగా ఉన్నా" అంటుంది. కానీ నాకు కనపడుతూనే ఉంది కదా. రాత్రి కూరకి కావాల్సిన చిక్కుడుకాయలు పొద్దున పదింటికే ఈనెలు తీసి గిన్నెలో పెట్టేసి ఉంటాయి, ఆరేసిన బట్టలు ఆరీ ఆరకముందే మడతపెట్టేస్తుంది, ఆ తర్వాత ఊళ్లో పక్కింటి పిన్నికి ఫోన్ చేసి మినుము పీకారా, గేదె ఈనిందా అని ఆరా తీస్తుంది. అక్కడైతే అరుగు మీద కూర్చుంటే చాలు, దారిన పోయేవాళ్లే పలకరించి పోతారు. ఇక్కడ మా ఫ్లోర్‌లో నాలుగు ఇళ్లు, నాలుగు తలుపులూ ఎప్పుడూ వేసే ఉంటాయి.

మోకాళ్ల నొప్పులున్నాయి గానీ మెల్లగా నడవగలదు. తెలుగు చదువుతుంది. సీరియల్స్ మీద పెద్ద ఇష్టం లేదు. ఆదివారం గుడికో పార్కుకో మేమే తీసుకెళ్తాం, దాని గురించి కాదు నేను అడిగేది. సోమవారం నుంచి శనివారం దాకా ఆ పగటి పూట గురించి చెప్పండి.

కృష్ణలంక అక్క:

ముందు ఇంటి కూరగాయల పని మొత్తం అమ్మగారికి అప్పగించెయ్. పటమటలోనే రైతు బజార్ పెట్టుకుని ఫోన్‌లో కూరగాయలు తెప్పించుకోవడం ఎందుకు చెప్పు. అక్కడ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటుంది కాబట్టి మోసపోతారన్న భయం అక్కర్లేదు, అయినా ఆవిడ బేరం ఆడతారు, ఆడనివ్వు. 1999లో రైతు బజార్లు పెట్టినప్పటి నుంచీ మా అత్తగారు వెళ్తూనే ఉన్నారు. ఆవిడకి తోటకూర ఒకరి దగ్గర, దొండకాయలు ఇంకొకరి దగ్గర, వేరేవాళ్ల దగ్గర కొనరు. వాళ్ల అమ్మాయిల పెళ్లిళ్లూ పురుళ్లూ అన్నీ ఈవిడకి తెలుసు. ఒక వారం జ్వరమొచ్చి వెళ్లకపోతే, తోటకూర అమ్మే ఆవిడ "అమ్మగారికి ఏమైంది" అని మా అబ్బాయిని ఆపి అడిగింది. మీ అమ్మగారికి అరుగు మీద దొరికింది ఇదే కదమ్మా, రాలేదని గమనించే మనిషి.

మొదట్లో నువ్వు తోడు వెళ్లు, ఆ తర్వాత మానెయ్. డబ్బులు చేతికిచ్చి పంపు, లెక్క అడగొద్దు. ఆవిడే చెప్తారు, అణా పైసల్తో సహా.

ఇంకో మాట. స్త్రీ శక్తి వచ్చింది కదా, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకి టికెట్ డబ్బుల్లేవు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. అమ్మగారి ఆధార్ కార్డు బీరువాలో కాదు, ఆవిడ చేతి సంచిలో ఉండాలి. ఎటు వెళ్లాలన్నా "అల్లుడిగారిని అడగాలి" అనుకోవడం అక్కడే సగం పోతుంది.

బ్రాడీపేట తమ్ముడు:

అక్కా, నాది గుంటూరు, మా అమ్మదీ అచ్చం ఇదే కథ. నేను చెప్పేది కొంచెం గట్టిగా ఉంటుందేమో, ఏమనుకోకండి. కాలక్షేపం వేరు, పని వేరు. జీవితమంతా ఇంటినీ పొలాన్నీ పశువుల్నీ నడిపిన మనిషికి కాలక్షేపం చూపిస్తే నాలుగు రోజులు మన కోసం చేస్తారు, అయిదో రోజు మళ్లీ బాల్కనీలో కుర్చీ వేసుకుంటారు. ఆవిడ చేస్తేనే అయ్యే పని ఒకటి ఉండాలి, చేయకపోతే ఇంట్లో లోటు తెలియాలి.

మా అమ్మకి ఆ పని చల్లమిరపకాయలతో మొదలైంది. పచ్చిమిరపకాయలకి గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పొద్దున డాబా మీద ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేస్తుంది. మజ్జిగంతా కాయలు పీల్చుకునేదాకా రోజూ ఇదే తంతు. నాకు తెలియని సంగతేంటంటే డాబా అనేది అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఉమ్మడి జాగా. అమ్మ పాత చీర పరిచి కాయలు ఆరేస్తుంటే రెండో అంతస్తు ఆవిడ బట్టలు ఆరేయడానికి వచ్చి "మజ్జిగలో వాము వేశారా పిన్నిగారూ" అని అడిగింది, అంతే. ఆ వేసవిలో ఇద్దరూ కలిసి గుమ్మడి వడియాలు పెట్టారు, పిండి రుబ్బడం ఆవిడ వంతు, పెట్టడం అమ్మ వంతు. ఇప్పుడు ఎండాకాలం వచ్చిందంటే కింద పార్కింగ్‌లో కూర్చుని ఆవకాయ ముక్కలు తుడిచేవాళ్లే అయిదారుగురు. గుడ్డతో ఒక్కో ముక్కా తుడుస్తూ, లోపలి జీడి తీసి పొర గీకుతూ, ముక్కకి టెంక లేకపోతే పక్కన పెడుతూ... ఆ సేపట్లో మాట్లాడుకోని విషయం ఉండదు.

ఇది మార్చి కదా, మీకు సరైన టైమ్. మిరపకాయలు తెచ్చివ్వండి చాలు, డాబా తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి.

సత్యనారాయణపురం బాబాయ్:

అమ్మాయ్, ఒక చిన్న రేడియో కొను. ఫోన్‌లో యాప్ వద్దు, తిప్పితే పలికే రేడియో. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది, బాలమురళీకృష్ణ గారు పనిచేసిన స్టేషన్ అది. మీ అమ్మగారి వయసు వాళ్లు పొద్దున్నే భక్తిరంజని, ఆ తర్వాత వార్తలు వింటూ పెరిగినవాళ్లే. టీవీ ముందు కూర్చోవాలి, రేడియో అయితే వంటింట్లో పని చేసుకుంటూ వినొచ్చు. ఒంటరి ఇంట్లో తెలుగు మాట వినిపిస్తుంటే అదొక తోడు.

చదువుతుందన్నావు కాబట్టి ఠాగూర్ లైబ్రరీ కూడా గుర్తుంచుకో, బందరు రోడ్డు మీదే. పొద్దున పూట పేపర్ల బల్ల దగ్గర నాలాంటి రిటైరైన వాళ్లం చాలామందిమి ఉంటాం. ఆడవాళ్లు తక్కువ వస్తారు, అది నాకు బాధగానే ఉంటుంది. మీ అమ్మగారు వస్తే సంతోషం.

పటమట అమ్మాయి:

బాబాయ్ గారూ, రేడియో ఇవాళే తెస్తా. అక్కా, బజారు నడిచి వెళ్లే దూరమే, కానీ మధ్యలో రోడ్డు దాటాలి. బెంజి సర్కిల్ వైపు ట్రాఫిక్ మీకు తెలిసిందే, సిగ్నల్ పడినా బైకులు ఆగవు. అమ్మకి అదే టెన్షన్, నాకు ఇంకా టెన్షన్. తమ్ముడూ, డాబా మాట బాగుంది, తాళం వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది. కానీ మా అపార్ట్‌మెంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పోయిన నెలలో అమ్మ పక్కింటికి పులిహోర పంపిస్తే గిన్నె కడిగి తలుపు ముందు పెట్టి వెళ్లారు.

సింగ్ నగర్ ఉమ:

ఆ గిన్నె సంగతి చదివితే మా పాత రోజులు గుర్తొచ్చాయి. మా బిల్డింగ్ కూడా అంతే ఉండేది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి మా సింగ్ నగర్ మునిగినప్పుడు కింది పోర్షన్ వాళ్లంతా పైకి వచ్చేశారు, కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. మా అత్తయ్య గారు ఉన్న బియ్యంతో పెద్ద గిన్నెలో జావ కాచి అందరికీ గ్లాసుల్లో పోశారు. అప్పటిదాకా మేము మెట్ల మీద ఎదురుపడితే తల వంచుకుని వెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు ఆ కింది ఇంటి ఆవిడ అత్తయ్య గారిని "పెద్దమ్మా" అని పిలుస్తుంది, బీపీ బిళ్లలు అయిపోతే తనే తెస్తుంది.

ఎదుటివాళ్లకి మనసు లేదనుకోకు. చాలామందికి ఎలా మొదలుపెట్టాలో తెలియదు, అంతే. వాళ్లూ నీలాగే తొమ్మిదింటికి పరిగెత్తేవాళ్లే కదా. పులిహోర తలుపు దగ్గర ఇచ్చి రావడం కాదు, చేబదులుగా ఏదో ఒకటి అడగమను అమ్మగారిని. "కాస్త కరివేపాకు ఉందా అమ్మాయ్" అంటే చాలు. ఇచ్చిన చోట కంటే అడిగిన చోట చనువు త్వరగా వస్తుంది, మా ఇంట్లో చూశాను. వాచ్‌మన్ భార్య ఉంటుంది కదా, ముందు ఆవిడతో మొదలుపెట్టమను. బిల్డింగ్‌లో ఎవరి ఇంట్లో పెద్దవాళ్లు పగలు ఒంటరిగా ఉంటారో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

కొల్లిపర కుర్రాడు:

అందరూ అన్నీ చెప్పారు కానీ నాదొక ప్రశ్న అక్కా. అమ్మగారిని అడిగారా, ఆవిడకి ఏం కావాలో? మీకు "హాయిగా ఉన్నా" అంటున్నారు, పక్కింటి పిన్నిగారికి మాత్రం రోజూ ఫోన్ చేసి మినుము గురించి అడుగుతున్నారు. ఆవిడ మనసు ఎక్కడుందో ఆ ఫోనే చెప్తోంది. తెనాలి ఎంత దూరం అక్కా, గట్టిగా గంటన్నర. బెజవాడ వచ్చారంటే ఊరు వదిలేసినట్టు ఎందుకనుకోవాలి? మా నాయనమ్మ నెలలో ఒక వారం కొల్లిపరలోనే ఉంటుంది. ఇంటికి బూజు దులుపుతుంది, కొబ్బరికాయలు దింపిస్తుంది, కౌలు లెక్క చూసుకుంటుంది, మళ్లీ వచ్చేటప్పుడు అరటికాయలూ పెసలూ సంచి నిండా తెస్తుంది. మిగతా మూడు వారాలు గుంటూరులో హుషారుగా ఉంటుంది, ఎందుకంటే మళ్లీ వెళ్తానని ఆవిడకి తెలుసు. ఊళ్లో ఇంటి కరెంటు కనెక్షన్ తీయించకండి, గ్యాస్ బండ అక్కడే ఉంచండి. దయచేసి అద్దెకి ఇవ్వకండి.

పటమట అమ్మాయి:

అద్దెకి ఇద్దామని మా అన్నయ్య అంటున్నాడు, అడిగేవాళ్లు కూడా ఉన్నారు. రాత్రిపూట ఒక్కతే పడుకుంటుందని నాకు భయం తమ్ముడూ, అసలు తీసుకొచ్చిందే అందుకు కదా. పక్కింటి పిన్ని వాళ్ల అమ్మాయిని రాత్రికి తోడు పడుకోమని అడగొచ్చు, ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది, మా ఇంట్లో ఫ్యాన్ కింద చదువుకుంటుంది కూడా. ఇవాళ అన్నం తినేటప్పుడు అమ్మనే అడుగుతా. అన్నయ్యతో కూడా మాట్లాడతా, అద్దె సంగతి ఈ వేసవి అయ్యేదాకా ఆపమని.

కృష్ణలంక అక్క:

మంచి పని. ఊరికి వెళ్లే వారం వెళ్లనివ్వు, ఇక్కడుండే రోజుల్లో బజారు మాత్రం మానిపించకు. రోడ్డు సంగతి నాకు వదిలెయ్. శనివారం పొద్దున ఆరున్నరకి మా అత్తగారిని తీసుకుని ఆటోలో మీ వీధి చివరికి వస్తా, అమ్మగారిని సంచి పట్టుకుని కిందకి రమ్మను. ఇద్దరూ చేతులు పట్టుకుని దాటతారు, వెనక నేనుంటా. తమ్ముడు చెప్పిన మిరపకాయలు కూడా అక్కడే చూద్దాం. లావుకాయలు కాదు, చల్లమిరపకాయలకి ఎలాంటివి బాగుంటాయో తమ్ముడూ మీ అమ్మగారిని అడిగి చెప్పు.

బ్రాడీపేట తమ్ముడు:

అడిగా అక్కా. మరీ లేతవి వద్దట, మరీ ముదురువీ వద్దట. తొడిమ పచ్చగా ఉండాలి, తొడిమ తీయకుండానే గాటు పెట్టాలి అంటోంది. మొదటిసారి కాబట్టి రెండు కేజీలు దాటొద్దంది. గాటు పెట్టాక చేతులకి మంట పుడితే మజ్జిగతోనే కడుక్కోమని చెప్పమంది.