కోవిడ్ టైమ్‌లో ఫ్యామిలీ డ్రగ్ కోర్టులు ఎలా నడిచాయి? 15 నెలల గడువు ఆపారా?

మాధవి_ఎంఎస్‌డబ్ల్యూ:
అమెరికాలో ఒహాయోలో సోషల్ వర్క్ చదువుతున్నాను, ఈ సెమిస్టర్ ఒక ఫ్యామిలీ డ్రగ్ కోర్టులో ఫీల్డ్‌వర్క్ వేశారు. పేరు వినగానే మా అమ్మ ఫోన్లోనే బెంబేలెత్తిపోయింది గానీ ఇది జైలుకి పంపే కోర్టు కాదు. తల్లో తండ్రో మత్తుకి అలవాటు పడటం వల్ల పిల్లల్ని ప్రభుత్వం తీసుకెళ్లి ఫోస్టర్ ఇంట్లో, అంటే తాత్కాలికంగా వేరేవాళ్ల సంరక్షణలో, పెట్టిన కేసుల్లో, వాళ్లకి చికిత్స చేయించి, పిల్లల్ని తిరిగి అప్పగించొచ్చా లేదా అని చూసే కోర్టు. 1994లో నెవాడాలోని రెనోలో మొదలైంది. వారానికో, రెండు వారాలకో జడ్జి ఎదురుగా కూర్చుని ఎలా ఉన్నారో చెప్పుకోవాలి, బాగుంటే హాలంతా చప్పట్లు కొడతారు. మొదటిసారి చూసినప్పుడు కోర్టులో చప్పట్లేంట్రా బాబూ అనుకున్నా.

నా డౌట్ ఏంటంటే, ఇదంతా మనిషికి మనిషి ఎదురుగా ఉంటేనే నడిచే వ్యవహారం కదా, 2020 మార్చిలో అన్నీ మూసేశాక ఏం చేశారు? బిడ్డ 15 నెలలు ఫోస్టర్‌లో ఉంటే తల్లిదండ్రుల హక్కులు రద్దుకి పిటిషన్ వేయాలనే రూలు ఆపారా? మా సూపర్‌వైజర్‌ని అడిగితే "ఆ రోజులు గుర్తు చేయకు" అని వెళ్లిపోయింది.

పేరెంట్స్_లాయర్:
ఆపలేదు మాధవి గారూ, అసలు గొడవంతా అదే. 1997లో వచ్చిన అడాప్షన్ అండ్ సేఫ్ ఫ్యామిలీస్ యాక్ట్ ప్రకారం గత 22 నెలల్లో బిడ్డ 15 నెలలు ఫోస్టర్‌లో ఉంటే తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని రాష్ట్రమే పిటిషన్ వేయాలి. కోవిడ్ వచ్చిందని ఆ నెలలు లెక్కలోంచి తీసేయలేదు. మరోపక్క కొన్నిచోట్ల డీటాక్స్‌లో (ఒంట్లోంచి మత్తు దించే చికిత్సలో) కొత్తవాళ్లని తీసుకోవడం మానేశారు, పేరెంటింగ్ క్లాసులు లేవు, పిల్లల్ని కలిసే విజిట్లు వీడియో కాల్ అయిపోయాయి. అంటే ఏం చేస్తే బిడ్డ ఇంటికి వస్తుందో ఆ దారులన్నీ మూసి, ఎందుకు నడవలేదని అడిగినట్టు.

మినహాయింపులు చట్టంలోనే ఉన్నాయి లెండి: బిడ్డ బంధువుల దగ్గర ఉన్నా, ఇవ్వాల్సిన సర్వీసులు రాష్ట్రం ఇవ్వకపోయినా, పిటిషన్ వేయకపోవడానికి గట్టి కారణం ఫైల్లో రాసినా ఆగొచ్చు. 2020 మార్చి 27న ఫెడరల్ చిల్డ్రన్స్ బ్యూరో కోర్టులకి ఉత్తరం కూడా రాసింది, విజిట్లన్నీ ఒక్క ఆర్డరుతో గంపగుత్తగా ఆపొద్దు, ఏ కేసుకి ఆ కేసు చూడండి అని. కానీ ఆ కారణం రాసే ఓపిక ఉన్న జడ్జి దొరకాలి, గుర్తుపెట్టుకుని అడిగే లాయరూ ఉండాలి.

ఆర్నెల్ల పాపకి వీడియో కాల్‌లో అమ్మ అంటే ఏం తెలుస్తుంది చెప్పండి. నా క్లయింట్ ఒకావిడ అరగంట సేపు పాటలు పాడేది, పాప ఫోన్ నోట్లో పెట్టుకునేది. తర్వాత "తల్లీబిడ్డల మధ్య అనుబంధం బలహీనం" అని రిపోర్టు వచ్చింది. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది.

నైట్‌షిఫ్ట్_నర్స్:
లాయర్ గారు చెప్పింది ఒక వైపు. మందుల విషయంలో మాత్రం కోవిడ్ మేలే చేసింది అంటాను. అంతకుముందు మెథడోన్ (హెరాయిన్ లాంటి మత్తు మాన్పించడానికి ఇచ్చే మందు) కోసం దాదాపు రోజూ పొద్దున్నే క్లినిక్‌కి వచ్చి మా కళ్లముందే మింగాలి, ఉద్యోగం ఏం చేస్తారు, పిల్లాడిని స్కూల్లో ఎప్పుడు దింపుతారు? 2020 మార్చిలో నిలకడగా ఉన్నవాళ్లకి 28 రోజుల మందు, అంత నిలకడ లేనివాళ్లకి 14 రోజులది ఇంటికి ఇవ్వొచ్చన్నారు. అలాంటిదే ఇంకో మందు బ్యూప్రినార్ఫిన్ అయితే ఫోన్లో మాట్లాడి కూడా మొదలుపెట్టొచ్చు. ఏళ్ల తరబడి కుదరదన్నది వారాల్లో కుదిరింది!

టెస్టులే పెద్ద తలనొప్పి. చాలా చోట్ల రోజూ పొద్దున ఒక నంబరుకి ఫోన్ చేయాలి, రికార్డింగ్‌లో ఆరోజు రంగు చెప్తుంది, మీ రంగు వస్తే ఆరోజే వెళ్లి యూరిన్ ఇవ్వాలి. ఆ సెంటర్లు మూతపడ్డాక చెమట పట్టే ప్యాచ్, వీడియోలో చూస్తుండగా నోట్లో స్వాబ్, ఇలా ఏవేవో పెట్టారు. టెస్టు లేకపోతే మానేసినవాళ్లకే నష్టం, మానేశానని చూపించుకోవడానికి కాగితం ఉండదు. ఇంకోటి, మన లెక్కలోకి రానివాళ్లు. దేశం మొత్తం మీద ఓవర్‌డోస్ మరణాలు 2019లో 70 వేల పైచిలుకు, 2020లో 91 వేలు దాటాయి. వాళ్లలో అమ్మానాన్నలు ఎంతమందో.

నరేష్_నిజామాబాద్:
తిట్టుకోకండి, నాకు తోచింది అడుగుతున్నా. మత్తులో పడి ఉండేవాళ్లకి మళ్లీ పిల్లల్ని ఇవ్వడానికి ఒక కోర్టు ఎందుకు?

పేరెంట్స్_లాయర్:
నరేష్ గారూ, 2020 లాక్‌డౌన్‌లో మీ వైపు కల్లు దుకాణాలు మూస్తే ఏమైందో మీకే బాగా తెలియాలి.

నరేష్_నిజామాబాద్:
ఆ మాట నిజమే. కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తు మందు కలుపుతారు కదా, ఒక్కసారిగా దొరక్కపోయేసరికి మా ఊళ్లో పెద్దమనుషులు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, ఎవరో పిలుస్తున్నారని రోడ్డు మీదికి పోయేవాళ్లు. హైదరాబాద్ ఎర్రగడ్డ హాస్పిటల్‌కి ఇలాంటి కేసులు విపరీతంగా వచ్చాయి. మా పక్కింటాయన కూడా అందులో ఉన్నాడు. ఆయన పిల్లల్ని వాళ్ల నానమ్మ చూసుకుంది, ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ఆ నానమ్మ లేకపోతే ఏమయ్యేదో మరి, ఆ ఆలోచన నాకు రాలేదు.

మాధవి_ఎంఎస్‌డబ్ల్యూ:
అందరికీ థాంక్స్. లాయర్ గారూ, మీ క్లయింట్‌కి పాప తిరిగి వచ్చిందా? చెప్పకూడనిదైతే వద్దులెండి. మా కోర్టులో ఇప్పుడు హియరింగ్ నేరుగానే, కానీ రెండు బస్సులు మారి రావాల్సినవాళ్లకి జూమ్ లింక్ ఇస్తున్నారు, అదొక్కటి మిగిలింది. నిన్న ఒకతను పని మధ్యలో గోడౌన్ నుంచే మాట్లాడాడు, వెనకాల ఫోర్క్‌లిఫ్ట్ మోత. జడ్జి గారు చప్పట్లు కొట్టమంటే అటు గోడౌన్లో వాళ్లు కూడా కొట్టారు.

పేరెంట్స్_లాయర్:
వచ్చింది. 19 నెలలు పట్టింది.