‘ఆల్ బట్ హీ’నా, ‘ఆల్ బట్ హిమ్మా’?

సత్యనారాయణపురం:
మధ్యాహ్నం నించీ ఒక ముక్క బుర్ర తొలిచేస్తోంది. కన్యాశుల్కంలో వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషు మాట్లాడమంటే గిరీశం ఎత్తుకుంటాడే, ‘ద బాయ్ స్టుడ్ ఆన్ ద బర్నింగ్ డెక్’ అని, దాని తర్వాత పాదం. ‘వెన్స్ ఆల్ బట్ హీ హాడ్ ఫ్లెడ్’ అని నా నోటికొస్తోంది. మా మనవరాలికి క్లాసులో ఇచ్చిన కాయితంలో మాత్రం ‘బట్’ తర్వాత ‘హిమ్’ రావాలని ఉంది. లెనిన్ సెంటర్లో కొన్న నా పాత ప్రతిలో సరిగ్గా ఆ పుటే చెదలు తినేసింది. ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి. రాత్రి తొమ్మిదికి దాని ఆన్‌లైన్ టెస్టు.

బ్రాడీపేట నాలుగో లైను:
‘హీ’నే. 1826లో ఫెలీషియా హెమన్స్ రాసింది అదే. ఇందులో చర్చేముంది?

తెనాలి:
ఉండండి మేష్టారూ. కవయిత్రి రాసిందని తప్పు ఒప్పయిపోతుందా? ‘ఎక్సెప్ట్ హిమ్’ అంటామా, ‘ఎక్సెప్ట్ హీ’ అంటామా? ‘బట్’ కూడా అంతే. తర్వాతి పాదంలో ప్రాస కోసం తిప్పలు పడిందన్నా నమ్ముదును గానీ, ‘హీ’ పాదం మధ్యలో ఉందాయె.

బ్రాడీపేట నాలుగో లైను:
తెలుగులో పెట్టి చూడండి. ‘అతను తప్ప అందరూ పారిపోయారు.’ ‘అతన్ని తప్ప అందరూ పారిపోయారు’ అని మీ తెనాల్లో ఎవరైనా అంటారా? అదే కొట్టడం దగ్గరికొస్తే ‘అతన్ని తప్ప అందర్నీ కొట్టారు’ అంటాం. పక్కనున్న ‘అందరూ’ ఏ విభక్తిలో ఉంటే ఇదీ ఆ విభక్తిలోకే పోతుంది. పారిపోయినవాళ్లు కర్తలు, కాబట్టి ‘హీ’. తెలుగు చెవి ఉన్నవాడికి ఆ పాదం ఎక్కడా గుచ్చుకోదు.

తెనాలి:
మరి ‘అతన్ని మినహాయించి అందరూ పారిపోయారు’ అంటే? అక్కడా పారిపోయినవాళ్లు కర్తలే కదా!

బ్రాడీపేట నాలుగో లైను:
మినహాయించడం క్రియండీ బాబూ, దానికి కర్మ కావాలి. ‘తప్ప’ అవ్యయం.

తెనాలి:
ఆ అవ్యయం ‘తప్పు’ ధాతువులోంచి ఊడిపడిందే. అదీ ఒకప్పుడు క్రియే.

బ్రాడీపేట నాలుగో లైను:
అకర్మక క్రియ! తప్పేవాడు కర్త. నా మాటే మీరు నిరూపించారు, థాంక్యూ.

తెనాలి:
అయితే కొట్టడం దగ్గర ‘అతన్ని’ ఎందుకొచ్చిందో కూడా చెప్పి థాంక్యూ చెప్పండి.

మొగల్రాజపురం:
మీరు ‘హీ’ దగ్గరే ఆగిపోయారు గానీ, అసలు రుచి కాస్త కిందుంది. ‘ఫ్రూట్ ఆఫ్ దట్ మేంగో ట్రీ’! మిల్టన్‌ది ‘ఫర్బిడెన్ ట్రీ’. ఫర్బిడెన్ అంటే మన లెక్కన గురువు, లఘువు, గురువు: శుభ్రంగా ర గణం. మేంగో రెండూ గురువులే, గగం. ఒక అక్షరం తగ్గి పాదం కుంటుతుంది. ఆ కుంటు కోసమే అప్పారావుగారు అక్కడ మామిడి చెట్టు నాటారని నా సిద్ధాంతం.

బ్రాడీపేట నాలుగో లైను:
ఇంగ్లీషు పద్యానికి గురులఘువులేంటండీ, ఊనిక చూడాలి. ఆయన విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పినాయన, గిరీశం నోట ఏది ఎక్కడ విరగాలో తెలుసు. గణం కోసం కాదు, నవ్వు కోసం.

గుంటూరు కొత్తపేట:
నన్నడిగితే ఆ సీను మొత్తానికి వెంకటేశమే హీరో. ఎఫ్‌తో ముగిసే నౌన్లు ఏమవుతాయో వ్యాకరణ సూత్రం అప్పజెప్పి దాన్నే సంభాషణ అనిపించాడు. మా అక్క కూతురూ అంతే. స్పోకెన్ ఇంగ్లీషు వాళ్లిచ్చిన వంద ఫ్రేజుల కాయితం బట్టీ కొట్టింది. అందులో ‘బ్రేక్ ఎ లెగ్’కి ఎదురుగా ‘ఆల్ ది బెస్ట్’ అని ఉంది, అంతే. స్టేజీ ఎక్కే నటుడికి చెప్పే మాటని లేదు. పోయిన నెల మా బావగారు మోకాలి చిప్ప మార్పిడికి స్ట్రెచర్ ఎక్కుతుంటే, చెయ్యి పట్టుకుని ‘బ్రేక్ ఎ లెగ్, డాడీ’ అంది. సెలైన్ బాటిల్ పట్టుకున్న నర్సమ్మ గిరుక్కున తిరిగి చూసింది. బావగారు మాత్రం మా అక్క వైపు చూసి ‘విన్నావా, ఎంత చక్కగా మాట్లాడుతోందో’ అన్నారు. అచ్చం వెంకమ్మే.

సత్యనారాయణపురం:
అమ్మా, బాగుంది. నా పుట సంగతి? ఎనిమిదీ నలభై అయింది.

మొగల్రాజపురం:
ఒక్క మాట. విజయనగరం వారు కాబట్టి గిరీశం మనసులో ఉన్న పండు సువర్ణరేఖ అయ్యుంటుంది.

తెనాలి:
నిషిద్ధఫలం అన్నాక నూజివీడు రసం తప్ప ఇంకోదాన్ని నేను ఒప్పుకోను.

బ్రాడీపేట నాలుగో లైను:
‘రసాన్ని తప్ప’ అనాలేమో, మీ లెక్కన?

తెనాలి:
జడానికి ద్వితీయ బదులు ప్రథమ వస్తుందని చిన్నయసూరే అన్నాడు, తీసి చూసుకోండి.

బ్రాడీపేట నాలుగో లైను:
‘ఇంకోదాన్ని’ మరి జడం కాదా?

సత్యనారాయణపురం:
పిల్ల ‘హిమ్’కి టిక్కు పెట్టి పంపేసి పడుకుంది. ఆ పుట ఫొటో మటుకు ఎవరూ పెట్టలేదు.